సూదా, మలామా? ముందు ఏ సూదో అడగండి

సోమవారం ఓపీ అంటే మా మరిపెడలో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రద్దీలో ఒకాయన వచ్చి నా బల్ల మీద ప్లాస్టిక్ కవరు కుమ్మరించాడు. అందులో అడుగు దాకా పిండేసిన ట్యూబులు. లెక్కపెడితే పద్నాలుగు. ఆయన వయసు యాభై దాటి ఉంటుంది. పత్తి, మిర్చి వేసే రైతు, దగ్గర్లోని తండా నుంచి వచ్చాడు. ఏప్రిల్ ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు.

"సారూ, ఇగ ఈ మలాములు సాలు. ఆరేండ్ల సంది రాస్తున్న. ఒక్క సూది ఎయ్యుండ్రి, పీడ పోతది" అన్నాడు.

చొక్కా విప్పమన్నాను. రెండు మోచేతులు, మోకాళ్లు, నడుము మీద ఎర్రగా, మందంగా లేచిన మచ్చలు. వాటి మీద వెండి రంగు పొలుసులు. తలలో వెంట్రుకల అంచు వెంబడి కూడా అవే. చూడగానే సొరియాసిస్ అని తెలుస్తూనే ఉంది. ఇదివరకు సూదులేమైనా వేయించుకున్నారా అని అడిగితే, మూడుసార్లు వేయించుకున్నానన్నాడు. వేసిన ప్రతిసారీ వారం పది రోజుల్లో ఒళ్లు నున్నగా అయ్యేదట. నెల తిరిగేసరికి మళ్లీ వచ్చేదట, ముందుకంటే ఎక్కువగా. ఏం సూది అంటే పేరు తెలియదు. "తెల్లగ ఉంటది సారూ, పాల లెక్క" అన్నాడు.

ఈ ఆదివారం నేను రాయాలనుకున్నది ఆ పాల లాంటి సూది గురించీ, ఆ పద్నాలుగు ట్యూబుల గురించీ. సొరియాసిస్ ఉన్నవాళ్లు మీ ఇంట్లోనో, వాడకట్టులోనో ఒకరుంటారు. మన దేశంలో జరిగిన రకరకాల సర్వేల్లో పెద్దవాళ్లలో ప్రతి వెయ్యి మందిలో 4 నుంచి 28 మంది దాకా దీనితో బాధపడుతున్నట్టు లెక్క తేలింది. వాళ్లందరూ ఏదో ఒక రోజు డాక్టరును అడిగే ప్రశ్న ఒకటే: పూత మందు మంచిదా, ఇంజెక్షన్ మంచిదా? నేను చర్మ వ్యాధుల స్పెషలిస్టును కాను, జనరల్ మెడిసిన్ ఎండీని. కానీ మండల కేంద్రంలో చర్మం, కీళ్లు, లివర్, షుగర్ అన్నీ ఒకే బల్ల ముందుకు వస్తాయి. ఈ జబ్బుకు అన్నిటితోనూ సంబంధం ఉంది కాబట్టి నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

ముందు జబ్బు సంగతి. మన చర్మం పైపొర మామూలుగా నెల రోజులకు ఒకసారి కొత్తదవుతుంది. సొరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ తొందరపెట్టడం వల్ల ఆ పని మూడు నుంచి ఐదు రోజుల్లోనే అయిపోతుంది. పాత కణాలు రాలే తీరిక లేక ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అవే పొలుసులు. కాబట్టి ఇది అంటు కాదు, రక్తం చెడిపోవడం కాదు, ఎవరి శాపమూ కాదు. క్షౌరం చేయనన్న మంగలి, బస్సులో పక్కన కూర్చోనన్న మనిషి, సంబంధం తప్పించుకున్న పెళ్లివారు, అందరూ ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే సగం బాధ తగ్గేది. చర్మంలో జరిగే ఈ మంట లోపల కూడా జరుగుతుంటుంది. అందుకే వీళ్లలో బీపీ, షుగర్, గుండె జబ్బులు మిగతావాళ్లకంటే ఎక్కువ. మూడో వంతు మంది దాకా కీళ్లు కూడా పట్టుకుపోతాయి. ఈ కీళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

అరచేయే కొలబద్ద

మలామా, సూదా అన్నది తేల్చడానికి మొదట చూసేది జబ్బు ఎంత మేర పరుచుకుందన్నది. దానికి మిషన్లేమీ అక్కర్లేదు. వేళ్లు దగ్గరగా పెట్టినప్పుడు మీ అరచేయి, వేళ్లతో సహా, మీ ఒంటి చర్మంలో దాదాపు నూరో వంతు. మచ్చలన్నీ కలిపి ఎన్ని అరచేతులంత ఉన్నాయో అద్దం ముందు నిలబడి లెక్క వేసుకోండి. మూడు లోపు అయితే తక్కువ, మూడు నుంచి పది అయితే మధ్యస్తం, పది దాటితే ఎక్కువ. మా రైతుకు ఐదు అరచేతులంత ఉంది. అరచేతుల్లో, అరికాళ్లలో, ముఖం మీద, మర్మాంగాల దగ్గర వచ్చినప్పుడు మాత్రం ఈ లెక్క పనికిరాదు. అరికాలు పగిలి నడవలేని మనిషికి 'రెండు శాతమే కదా' అని చెప్పడం వైద్యం కాదు.

ఇప్పుడు ఆ పద్నాలుగు ట్యూబుల లెక్క చూద్దాం. సొరియాసిస్ పూత మందుల్లో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది, దీన్ని నేను మందుల చీటీ మీద కూడా రాసిస్తుంటాను. మీ చూపుడువేలు కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే వచ్చే మందు దాదాపు అర గ్రాము. అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఐదు అరచేతులంత జబ్బుకు ఒక పూటకు గ్రామున్నర లోపు, కచ్చితంగా చెప్పాలంటే 1.25 గ్రాములు. రెండు పూటలా రాస్తే రోజుకు 2.5 గ్రాములు. నెలకు 75 గ్రాములు. మా రైతు తెచ్చిన ట్యూబులు ఒక్కొక్కటి 15 గ్రాములవి. అవి ఆరేళ్లుగా వాడినవాటిలో దాచిపెట్టుకున్నవి. "ఒక ట్యూబు ఎన్ని రోజులొస్తుంది అన్నా?" అని అడిగితే "పొదుపుగ రాస్త సారూ, నెల మీద పది దినాలు ఆడుతది" అన్నాడు. అంటే ఆయన ఒంటికి పడాల్సిన మందులో ఐదో వంతు కూడా పడలేదు. మందు పనిచేయలేదని ఎలా అంటాం? వరి మడికి ఐదు రోజుల నీళ్లు కావాల్సిన చోట ఒక రోజు పెట్టి, ఇత్తనం మంచిది కాదన్నట్టు.

ఇదే లెక్క రెండో వైపు నుంచి కూడా చూడాలి. జబ్బు 15 అరచేతులంత ఉందనుకోండి. నెలకు 225 గ్రాముల మందు కావాలి. అంత కొనే డబ్బు, అంతసేపు కూర్చుని రాసుకునే ఓపిక, వీపు మీద రాసే మనిషి ఎక్కడ దొరుకుతారు? పైగా అంత స్టెరాయిడ్ చర్మం గుండా రక్తంలోకి వెళ్తే అదో జబ్బు. బాగా ఘాటైన క్లోబెటసాల్‌ను వారానికి 50 గ్రాములు మించి, ఏకబిగిన రెండు వారాలు మించి వాడకూడదని దాని లేబులే చెబుతుంది. పది శాతం దాటినవాళ్లకు సూదులో, గోలీలో, లైట్ వైద్యమో అవసరమవడం వెనక ఉన్నది ఈ లెక్కే. సూది గొప్పది, మలాం చిన్నది అని కాదు.

పూత మందుల్లో స్టెరాయిడ్లది మొదటి స్థానం. మోచేతులు, మోకాళ్ల లాంటి మందపాటి చర్మానికి ఘాటైనవి, రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గాక ఒక్కసారిగా ఆపకుండా వారానికి రెండు రోజులకు దింపాలి. ముఖానికి, గజ్జల్లో, చంకల్లో వీటిని రాయకూడదు. అక్కడ తక్కువ ఘాటువి కొద్ది రోజులో, లేదంటే టాక్రోలిమస్ లాంటివో వాడతాం. విటమిన్ 'డి' జాతికి చెందిన కాల్సిపోట్రయోల్‌ను స్టెరాయిడ్‌తో కలిపిన ఆయింట్‌మెంట్ రెండింటి కంటే బాగా పనిచేస్తుంది, చర్మం పలచబడే భయం తక్కువ. కాకపోతే ఖరీదు ఎక్కువ. దానితో పాటు పొలుసులు ఊడదీసే సాలిసిలిక్ యాసిడ్ ఒకే పూట కలిపి రాయకండి. ఆ యాసిడ్ కాల్సిపోట్రయోల్‌ను పనికిరాకుండా చేస్తుంది. తలకు కోల్‌తార్ షాంపూ పాతదే అయినా ఇప్పటికీ మంచిదే, వాసన భరించగలిగితే. డిత్రనాల్ అనే ఇంకో పాత మందుకు మన దేశంతో చిన్న చుట్టరికం ఉంది. బ్రెజిల్ చెట్టు నుంచి తీసిన పొడి ఒకటి ఇక్కడ 'గోవా పౌడర్' పేరుతో తామరకు వాడేవాళ్లు. 1870ల్లో లండన్‌లో స్క్వైర్ అనే డాక్టరు అది సొరియాసిస్‌ను తగ్గిస్తుందని గమనించాడు. డిత్రనాల్ ఆ పొడి నుంచి పుట్టిన ఆలోచనే. బట్టలకు మరక పడుతుందని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.

వీటన్నిటికంటే చవకైనది, అందరూ మరిచిపోయేది నూనె. స్నానం చేసి ఒళ్లు తడి ఆరకముందే వాజెలినో, కొబ్బరినూనెనో దట్టంగా రాయండి. పొలుసు మెత్తబడితేనే మందు లోపలికి దిగుతుంది. పొలుసులను గోళ్లతో గీకి, రాయితో రుద్ది తీసేవాళ్లున్నారు. గాయమైన చోటల్లా కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు లక్షణం.

ఇంకో మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మా రైతు కవరులోని పద్నాలుగు ట్యూబుల్లో తొమ్మిది సొరియాసిస్ మందులే కాదు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు, అన్నీ కలిపిన ట్యూబులు. 'తామర' అంటే మెడికల్ షాపులో చేతికిచ్చే రకం. తామర గుండ్రంగా ఉంటుంది, అంచు ఎర్రగా, నడుమ కాస్త శుభ్రంగా కనిపిస్తుంది. సొరియాసిస్ మచ్చ మొత్తం ఒకే మందంలో ఉండి పొలుసు కడుతుంది. ఒకటి ఫంగస్, ఒకటి కాదు. స్టెరాయిడ్ ఒకదాన్ని తగ్గిస్తుంది, రెండోదాన్ని పెంచి పోషిస్తుంది. చర్మ వైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకుంటే కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ 'హెచ్'లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ నిబంధన కాగితం మీద ఉంది.

ఒకే మాట, మూడు మందులు

ఇక సూదులు. మనవాళ్ల నోట 'సూది' అన్న ఒక్క మాట వెనక ఒకదానితో ఒకటి ఏ పోలికా లేని మూడు మందులున్నాయి.

మొదటిది ఆ పాల రంగు సూది. అది ట్రయామ్సినలోన్ లాంటి స్టెరాయిడ్. కొన్నిచోట్ల నీళ్లలా ఉండే డెక్సామెథాసోన్ కూడా వేస్తారు. వేయగానే మంట చల్లబడుతుంది, చర్మం నున్నబడుతుంది, వేసినాయనకు మంచి పేరొస్తుంది. మందు దిగిపోగానే అణచిపెట్టిన జబ్బు రెట్టింపుగా లేస్తుంది. ఒక్కోసారి మామూలు మచ్చలుగా కాదు, ఒళ్లంతా చీము పొక్కులుగానో, తల నుంచి కాలి దాకా ఎర్రగా కమిలిపోయో వస్తుంది. రెండేళ్ల కిందట సంక్రాంతి చలిలో ఒక అమ్మను ఆటోలో తీసుకొచ్చారు. రెండు దుప్పట్లు కప్పినా వణుకుతోంది. ఒంటి మీద మామూలు రంగు చర్మం అరచేయంత కూడా మిగల్లేదు, కాళ్లు ఉబ్బిపోయాయి, నాడి నిమిషానికి 130. నాలుగు నెలలుగా పదిహేను రోజులకొకటి తెల్ల సూది వేయించుకుని, పైసలు లేక ఆపేసిందట. చర్మం అంతా అలా కమిలినప్పుడు ఒంట్లో వేడి, నీరు, ప్రొటీన్ నిలవవు. ప్రాణాల మీదికొస్తుంది. సెలైన్ పెట్టి 108లో వరంగల్ ఎంజీఎంకు పంపించాం. మూడు వారాలకు నడుచుకుంటూ వచ్చి కనిపించింది కాబట్టి ఈ సంగతి ఇప్పుడు కాస్త నిబ్బరంగా రాయగలుగుతున్నాను.

స్టెరాయిడ్‌ను మొండి మచ్చలోకో, గోటి మొదట్లోకో చుక్కంత ఎక్కించడం చర్మ వైద్యులు చేస్తారు. అది వేరు. చేతికో, పిరుదుకో వేసే సూదికి సొరియాసిస్‌లో చోటు లేనట్టే. స్టెరాయిడ్ గోలీలకూ ఇదే వర్తిస్తుంది. పేరు లేని పొట్లాల్లో వచ్చే 'చెట్ల మందు' వారంలోనే అద్భుతంగా పనిచేసిందంటే అందులోనూ ఇదే ఉందేమోనని అనుమానించండి. మా మండలంలోని ఆర్‌ఎంపీ అన్నలు కూడా ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. రాత్రి రెండు గంటలకు పిలిస్తే పలికేది మీరే, కాదనను. ఈ ఒక్క సూదిని మాత్రం సొరియాసిస్‌కు వేయకండి.

రెండో సూది మెథోట్రెక్సేట్. దీని కథ చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంటుంది, క్షమించండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ వెళ్లారు. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం, ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1940ల నడుమ తయారు చేసింది. అదే బృందం ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను కూడా తయారు చేసింది. అవి మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. మూడేళ్లకు, 1951లో, కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇచ్చిన అమెరికా డాక్టర్లు ఒక రోగికి సొరియాసిస్ కూడా తగ్గిపోవడం గమనించారు. అలా దొరికిన దారిలోనే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతా పెద్దవాళ్ల తీవ్ర సొరియాసిస్‌కు మొదట చేతిలోకి తీసుకునే మందు ఇదే. మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. చవక.

ఇది గోలీగానూ వస్తుంది, సూదిగానూ వస్తుంది. వారానికి 15 మిల్లీగ్రాములు దాటాక గోలీ పేగుల్లో పూర్తిగా ఒంటపట్టదు. అదే మోతాదు చర్మం కింద సూదిగా ఇస్తే బాగా పడుతుంది, వికారం కూడా తక్కువ. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక యూరప్ అధ్యయనంలో ఇలా సూదిగా ఇచ్చినప్పుడు 16 వారాలకు 100 మందిలో 41 మందికి జబ్బు ముప్పాతిక వంతు తగ్గింది. ఉత్త సూది వేసినవాళ్లలో 10 మందికే తగ్గింది. అంటే పాల రంగు సూదిలా వారంలో మాయ జరగదు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

దీనితో భయం ఒక్కటే, కానీ పెద్దది. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని మనిషి చనిపోతాడు. వేరే చోట రాసిచ్చిన చీటీతో ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. చీటీ మీద 'వారానికి' అన్న మాట గిలికినట్టుంది. రోజుకు మూడు చొప్పున తొమ్మిది రోజులు మింగాడు. నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా దిగడం లేదు, తెల్ల రక్తకణాలు వెయ్యి లోపు. ఫోలినిక్ యాసిడ్ విరుగుడు మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపితే బతికాడు. అందుకే నేను రోగులతో 'వారానికోసారి' అనను. "మీ ఊరి అంగడి ఏ రోజు?" అని అడుగుతాను. అంగడి రోజే మందు రోజు. చీటీ మీద, గోలీల షీటు మీద, ఇంట్లో క్యాలెండర్ మీద ఆ వారం పేరు రాయిస్తాను. మరుసటి రోజు ఫోలిక్ యాసిడ్, అదీ సుబ్బారావు గారి బృందం చేసిందే. మెడికల్ షాపు తమ్ముళ్లకు విన్నపం: ఈ గోలీలు ఇచ్చేటప్పుడు షీటు మీద పెన్నుతో వారం పేరు రాసివ్వండి. అర నిమిషం పని.

మొదలుపెట్టే ముందు రక్త కణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు, కామెర్ల వైరస్‌ల పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. తర్వాత కూడా మొదట్లో తరచుగా, ఆ పైన రెండు మూడు నెలలకోసారి పరీక్షలుండాలి. గర్భిణులకు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు ఇది కూడదు. నోటి పుండ్లు, జ్వరం, వదలని పొడి దగ్గు వస్తే తర్వాతి మోతాదు ఆపేసి డాక్టరును కలవాలి. సెప్ట్రాన్ లాంటి సల్ఫా గోలీలు దీనితో కలిస్తే ప్రమాదం. నొప్పి గోలీలు కూడా అడిగే వేసుకోవాలి. ఇక మన దగ్గర అసలు చిక్కు మందు కాదు, 'మందు'. కల్లు అయినా, గుడుంబా అయినా, సీసాలో వచ్చేది అయినా మెథోట్రెక్సేట్‌తో కలిస్తే లివర్ గట్టిపడుతుంది. "ఒక్క దసరాకు సారూ" అంటారు. దసరా తర్వాత సమ్మక్క జాతర వస్తుంది, ఆ తర్వాత మేనకోడలి పెళ్లి వస్తుంది. తాగడం మానలేనని ముందే చెప్పేవాళ్లంటే నాకు గౌరవం. వాళ్లకు ఇంకో దారి వెతకొచ్చు: లైట్ వైద్యమో, అప్రెమిలాస్ట్ గోలీలో. తాగుతూ తాగట్లేదని చెప్పేవాళ్లకు ఏ దారీ చూపలేను.

మూడో సూది బయోలాజిక్స్. వీటి గురించే ఇప్పుడు పట్నం నుంచి వచ్చిన పిల్లలు ఫోనులో చూపించి అడుగుతున్నారు. ఒళ్లంతటినీ అణచకుండా, జబ్బును ఎగదోసే ఒక్క రసాయనాన్ని పట్టి ఆపే ప్రొటీన్లు ఇవి. అడాలిముమాబ్ టీఎన్‌ఎఫ్‌ను ఆపుతుంది, సెకుకినుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-17ను ఆపుతుంది. మన దేశం ఈ దారిలో వెనకబడి లేదు. బెంగళూరు బయోకాన్ క్యూబా శాస్త్రవేత్తలతో కలిసి చేసిన ఇటోలిజుమాబ్ 2013లోనే సొరియాసిస్‌కు వచ్చింది. కొవిడ్ రోజుల్లో ఆ పేరు వార్తల్లో విని ఉంటారు. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి నకలు మందును 2014 డిసెంబరులో అహ్మదాబాద్ కంపెనీ జైడస్ తెచ్చింది. దానితో ధరలు దిగాయి, అయినా మన అందుబాటులోకి రాలేదు.

పనితనంలో వీటికి సాటి లేదు. 2008లో మూడు జట్లను పోల్చిన అధ్యయనంలో 16 వారాలకు ముప్పాతిక వంతు జబ్బు తగ్గినవాళ్లు అడాలిముమాబ్‌తో 100కు 80 మంది, మెథోట్రెక్సేట్‌తో 36, ఉత్త మందుతో 19. మెథోట్రెక్సేట్‌ను అందులో చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు కాబట్టి ఆ 36ను కాస్త ఉదారంగా చూడాలి. సెకుకినుమాబ్‌తో 12 వారాలకే 80 మంది దాకా ఆ స్థాయికి చేరారు. ఇంత తేడా ఉన్నప్పుడు మొదటే ఇవి ఎందుకివ్వరని అడగడం న్యాయమే.

ఒక కారణం టీబీ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. జబ్బుగా బయటపడకుండా ఒంట్లో నిద్రపోతున్న క్రిములు ఉన్నవాళ్లు ఇంకా ఎందరో. టీఎన్‌ఎఫ్‌ను ఆపితే ఆ క్రిములకు కాపలా తీసేసినట్టే. అందుకే మాంటూ పరీక్షో, రక్త పరీక్షో, ఎక్స్‌రేనో లేకుండా ఈ సూది మొదలుపెట్టకూడదు. నిద్రాణ టీబీ ఉంటే ముందు దానికి మందులు వాడాలి. ఇంటర్‌ల్యూకిన్-17 సూదుల్లో ఈ భయం తక్కువ, నోట్లో, మర్మాంగాల్లో ఫంగస్ రావడం ఎక్కువ. పేగుపూత జబ్బులున్నవాళ్లకు అవి పనికిరావు. రెండో కారణం ఖర్చు. సెకుకినుమాబ్ పూర్తి మోతాదులో మొదటి నెలలోనే 150 మిల్లీగ్రాముల సూదులు పది పడతాయి, తర్వాత నెలకు రెండు. అడాలిముమాబ్ మొదట 80, వారానికి 40, ఆపైన రెండు వారాలకోసారి. ఆపితే చాలామందిలో జబ్బు తిరిగొస్తుంది. అంటే ఒకసారి పెట్టే ఖర్చు కాదు, ఏళ్ల తరబడి కట్టే కిస్తీ. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలన్నది మూడో తలనొప్పి. 2024 సెప్టెంబరులో ఆకేరు పొంగి మా మండలం తండాలు నీళ్లలో చిక్కుకున్నప్పుడు ఫ్రిజ్ సంగతి అడిగేవాళ్లెవరు?

మొన్నొకాయన కొడుకు నన్ను పక్కకు పిలిచి, "సార్, అర ఎకరం అమ్మి బాపుకు ఈ ఇంజెక్షన్ ఏపిద్దామా?" అన్నాడు. వద్దన్నాను. ఆ బాపుకు ఇంకా మెథోట్రెక్సేట్ ఒక్క మోతాదు కూడా ఇచ్చి చూడలేదు, లైట్ వైద్యానికి పంపలేదు. చేతిలో ఉన్న మెట్లన్నీ ఎక్కి చూడకుండా భూమి అమ్మే జబ్బు కాదిది. అలాగని బయోలాజిక్స్‌ను డబ్బున్నవాళ్ల షోకు అనేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. మెథోట్రెక్సేట్ మూడు నాలుగు నెలలు సరైన మోతాదులో ఇచ్చినా లొంగని జబ్బుకు, లివర్ వల్ల అది ఇవ్వలేని మనిషికి, కీళ్లు అరిగి వేళ్లు వంకర పోతున్న ముప్పయ్యేళ్ల కూలీకి ఆ సూది షోకు కాదు, కూడు. వాళ్లకు సర్కారే ఇవ్వాలి. దాని సంగతి తేలేలోపు, పెద్ద డబ్బాల్లో వాజెలిన్, చిన్న ట్యూబులు కాకుండా నెలకు సరిపడా పూత మందు, పరీక్షలతో సహా మెథోట్రెక్సేట్ మండల స్థాయి దవాఖానల్లో దొరికేలా చేస్తే చాలామంది ఆ పాల రంగు సూది దాకా వెళ్లరు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మహబూబాబాద్‌కు 2022లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది, వరంగల్ దాకా పోవాల్సిన పరీక్షలు కొన్ని దగ్గరయ్యాయి.

మళ్లీ మా రైతు దగ్గరికి. ఐదు అరచేతులు. లెక్క ప్రకారం ఆయనకు సూది అక్కర్లేదు, సరిపడా మలాం చాలు. చీటీ కూడా అలాగే రాయబోయాను. అలవాటుగా చేతులు చాపమన్నాను. గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు గుంటలు, కుడి చూపుడువేలు సాంతం సాసేజ్ కాదు కానీ, ఉడికిన చిలగడదుంపలా ఉబ్బి ఉంది.

"పొద్దున లేవంగనే వేళ్లు ముడుసుకుంటయా అన్నా?"

"గంటసేపు చెంబు పట్టరాదు సారూ. అది పత్తి ఏరవట్టి అనుకున్న."

పత్తి ఏరడం వల్ల కాదు. సొరియాసిస్ కీళ్లలోకి దిగింది. కీళ్లకు మలాం అందదు. ఆరేళ్లలో ఆయన చర్మం చూసినవాళ్లు ఎందరో, వేళ్లు చూసినవాళ్లు లేరు. చీటీ చించి కొత్తది రాశాను. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, కల్లు గురించి సూటిగా ఒక ప్రశ్న. "తాగుత సారూ, అబద్ధమెందుకు" అన్నాడు. వారం టైమడిగాడు. వారానికి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు, మానేశాడని ఆమె చెప్పింది. లివర్ పరీక్షలు బాగానే ఉన్నాయి.

"అయితే సూది ఎయ్యవడితిరి" అన్నాడు నవ్వుతూ, గెలిచినట్టు.

పోయిన అంగడికి పదకొండో సూది. ఖమ్మం నుంచి తెప్పించుకుంటున్నాడు, మా నర్సు వేస్తోంది. వేలి ఉబ్బు దిగింది, పొద్దున చెంబు పట్టుకుంటున్నాడు. మోచేతుల మీద పొలుసులు పోయాయి, ఎరుపు ఇంకా ఉంది. ఎడమ మోకాలి మీద ఒక మచ్చ మొండికేసింది. దానికి మలాం రాస్తున్నాడు, ఈసారి 30 గ్రాముల ట్యూబు, వేలి గీత దాకా పిండి.